మేడం నెమళ్ళు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం కూడా ఒకటి ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో వ్యవసాయ డిగ్రీ, ఎల్లారెడ్డి దగ్గరి ఒక ఊళ్ళో వ్యవసాయ విస్తరణ అధికారిగా మొదటి ఉద్యోగం, మా బాపు కొనిచ్చిన కొత్త స్కూటీ. బాపు ఈడు రైతులు "మేడం" అంటూ లేచి నిలబడుతుంటే కాళ్ళు నేలమీద ఎలా ఆనుతాయి చెప్పండి. కామారెడ్డిలో మా గల్లీలో పావురాలు తప్ప మరో పక్షిని ఎరగని నేను, పక్షుల నుంచి పంటను ఎలా కాపాడుకోవాలో పుట్టిన దగ్గర్నుంచీ మట్టిలో ఉన్నవాళ్ళకు బోధించేదాన్ని. వాళ్ళు మర్యాదగా వినేవాళ్ళు. (ఆ మర్యాదను నేను ఒప్పుకోలు అనుకునేదాన్ని.)

ఊరి చివర ఒక అవ్వ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఇంటి వెనక పెద్ద పెరడు, దానికి ముళ్ళకంచె, కంచె అవతల చేన్లు, వాటి వెనక గుట్ట. ఎండలు ముదిరాక గుట్ట మీది నెమళ్ళు పొద్దున్నే దిగివచ్చి, బర్రెల కోసం అవ్వ నింపి ఉంచిన గోలెంలో నీళ్ళు తాగి పోయేవి. వాటిలో ఒక ఆడనెమలి కుంటుతూ వచ్చేది. చూస్తే కాలికి నైలాను దారం చుట్టుకుని బిగిసిపోయి ఉంది. ఒకరోజు అవ్వ పాత చీర దాని మీద విసిరి ఒడుపుగా పట్టుకుంది, నేను దారం కత్తిరించాను. కృతజ్ఞతగా అది నా ముంజేతిని జానెడు పొడవున గీరి పారిపోయింది. అయినా ఆ క్షణం నుంచి అది నా మనిషి. అవ్వ దానికి కుంటమ్మ అని పేరు పెట్టింది.

మనిషి అన్నాక తిండి పెట్టాలి కదా. పాలపొడి డబ్బా నిండా మక్కలు, అదే మొక్కజొన్న గింజలు, పోసి, చెంచాతో టకటకా కొట్టి పిలవడం మొదలుపెట్టాను. అవ్వకు అది నచ్చలేదు.

"నీళ్ళు పొయ్యి బిడ్డా, పుణ్యముంటది. గింజలు పొయ్యకు. తిండికి మరిగినయంటే అవ్వి గుట్టెక్కయ్ ఇగ."

చదువుకోని అవ్వ కదా పాపం అని నవ్వి ఊరుకున్నాను. మొదటివారం కుంటమ్మ ఒక్కతే వచ్చింది. తర్వాత చెల్లెళ్ళను తెచ్చుకుంది, ఆపైన వాళ్ళ పిల్లల్ని, చివరికి ఊరి నెమళ్ళన్నిటినీ. వాటితోపాటు నేలను ఊడ్చేంత పింఛమున్న ఒక మగనెమలి కూడా. అవ్వ వాడిని పెండ్లికొడుకు అనేది. చుట్టూ అన్ని ఆడనెమళ్ళు ఉండగా ఆ మహానుభావుడు నా స్కూటీ అద్దంలో తననే చూసుకుంటూ పురివిప్పి ఆడేవాడు. ఆట ముగిసేదాకా బండి తీయనిచ్చేవాడు కాదు. ఒకసారి మీటింగుకు ఆలస్యమై, నెమలి ఆడుతోంది సార్ అని మా ఆఫీసరు సారుకు నిజమే చెప్పాను. కొత్తగా చేరినవాళ్ళు టైరు పంక్చరు దాకే వెళ్తారని, ఇలాంటి కారణం తన సర్వీసులో వినలేదని ఆయన అన్నారు.

ఇంతలో వానలు పడ్డాయి. కంచె అవతలి చేను ఒక రైతుది. ఏ పనిలోనూ తొందరపడడు కనుక ఊరంతా ఆయన్ని నిదానం అన్న అంటారు. ఆయన మక్కలు పెట్టాడు. నాలుగు రోజులకు వచ్చి, నెమళ్ళు ఇత్తులన్నీ తవ్వుకు తిన్నాయని నెమ్మదిగా చెప్పాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తిన్నాయని మళ్ళీ అంతే నెమ్మదిగా చెప్పాడు. నాకు నిజంగానే బాధేసింది. కానీ నమ్మండి, ఆ నెమళ్ళకూ నా నెమళ్ళకూ సంబంధం ఉంటుందన్న ఆలోచనే రాలేదు. అవి అడవి నెమళ్ళు, పంటలు పాడుచేస్తాయి. ఇవి మా ఇంటివి, బుద్ధిమంతులు! జాతీయ పక్షి కనుక దెబ్బ తగలకుండా తరిమే పద్ధతి చూపిస్తానని ఆయన చేనులోనే రైతుల సమావేశం పెట్టించాను. ఎల్లారెడ్డి నుంచి ఆఫీసరు సారును కూడా పిలిచాను.

ఆ పొద్దున సారు గట్టు మీద కుర్చీలో కూర్చున్నారు. రైతులు చుట్టూ నిలబడ్డారు. మెరిసే రిబ్బన్లు కట్టించాను, నెమలి స్వభావం గురించి పావుగంట మాట్లాడాను. నెమలికి లోహపు చప్పుడంటే ప్రాణభయమనీ, ఒక్కసారి వింటే ఆ దిక్కుకు రాదనీ చెప్పి, ఖాళీ నూనె డబ్బా ఎత్తి కర్రతో టకటకా వాయించాను.

ముందుగా కంచె కిందినుంచి కుంటమ్మ వచ్చింది. వెనకే చెల్లెళ్ళు, పిల్లలు, గుట్టవైపు నుంచి ఇంకొన్ని, మెడలు చాచి పరుగులు. అందరికంటే వెనక పింఛం ఈడ్చుకుంటూ పెండ్లికొడుకు. రిబ్బన్ల కిందినుంచే దూరి వచ్చి, నా చుట్టూ నిలబడి డబ్బాలోకి తొంగిచూశాయి. భయపడతాయేమోనని ఇంకా గట్టిగా కొట్టాను. వెనకబడిన నాలుగు కూడా వచ్చాయి.

ఎవరూ నవ్వలేదు. (నవ్వి ఉంటే తేలికయ్యేది.) సారు కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చారు.

"మేడం, ఇది తరిమే పద్ధతా, పిలిచే పద్ధతా?"

ఇక దాచేదేముంది. రెండు నెలలుగా నేనే మేపుతున్నానని అందరి ముందూ ఒప్పుకున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. నిదానం అన్న మాత్రం తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"నాకు ముందే ఎర్కే మేడం. రోజూ పొద్దుగాల డబ్బా సప్పుడు ఇనవడతనే ఉంటది. మీ దగ్గర నాస్తా చేసి, మా చేన్లకు బువ్వకొస్తయ్."

మరి రెండుసార్లు వచ్చి కూడా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చిన్నపిల్లవైతివి. గంత సంబురంగ పిలుస్తుంటివి. ఎట్ల చెప్పాలె?"

మేడం పోయి చిన్నపిల్ల వచ్చింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మూడోసారి ఇత్తులు పెట్టినరోజు నేనూ వంగి పెట్టాను. (నా సాలు పాములా పోయిందని ఆయన భార్య చాలాకాలం నవ్వింది.) మొలకలు గట్టిపడేదాకా పొద్దునా సాయంత్రం ఆయనతోపాటు చేనులో కాపలా ఉన్నాను. సారు నా మీద ఏమీ రాయలేదు. కానీ ఆ తర్వాత ప్రతి మీటింగులో నన్ను చూడగానే డబ్బా తెచ్చావా అని అడిగేవారు.

కాపలాకంటే గింజలు మానేయడమే కష్టమైంది. గోలెంలో నీళ్ళు మాత్రం పోసి, అవ్వ ఆజ్ఞ ప్రకారం తలుపు వేసుకుని లోపల కూర్చునేదాన్ని. కుంటమ్మ గడప దాకా వచ్చి ముక్కుతో తలుపు కొట్టేది. నేను లోపల కళ్ళు తుడుచుకుంటుంటే అవ్వ బియ్యం ఏరుతూ, రేపు పిల్లలు పుడితే వాళ్ళనూ గిట్లనే ఖరాబు చేస్తవని అనేది. పది రోజులకు నెమళ్ళు నీళ్ళు తాగి తమ దారిన పోవడం నేర్చుకున్నాయి. నేను నేర్చుకోవడానికి ఇంకొంచెం ఎక్కువ పట్టింది.

ఇప్పుడు నా ఉద్యోగం కామారెడ్డిలో. తెలియని విషయాల జాబితా ఏటేటా పెరుగుతోంది. మొన్న పనిమీద ఎల్లారెడ్డి వెళ్తూ ఆ ఊరి పొలిమేరలో బండి ఆపాను. నిదానం అన్న చేను గట్టు మీద ఏడెనిమిది నెమళ్ళు మేస్తున్నాయి. ముఖం కనబడితే గుర్తుపడతాయేమోనని, నలభైకి దగ్గరపడుతున్న ఆఫీసరమ్మను, నడిరోడ్డు పక్కన హెల్మెట్ తీసి, చెదిరిన జుట్టు సర్దుకుని నిలబడ్డాను. ఒకటి తలెత్తి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. కొత్త మనిషిని చూసినట్టు బెదిరి, మిగతావాటిని వెంటేసుకుని గుట్టవైపు ఎగిరిపోయింది. మంచిదే, అలాగే బెదరాలి అనుకున్నాను. అనుకుంటూనే, ఒక్కటైనా వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఇంకో ఐదు నిమిషాలు అక్కడే ఉన్నాను.