పొయ్యి వెనక గోడ, వాల్వు రేడియో

జ్వరంతో ఉన్న మనవరాలి చంకలో నిన్న థర్మామీటరు కూత పెట్టగానే, దాని మొనలో ఆవగింజంత థర్మిస్టర్ ఉంటుందని చెప్పాను. ఒళ్లు వేడెక్కేకొద్దీ అది కరెంటుకు పెట్టే అడ్డు తగ్గుతుంది; ఆ తగ్గుదలను బట్టే జ్వరం ఎంతో తెలుస్తుంది. ఫ్రిజ్‌లో, సెల్‌ఫోన్ బ్యాటరీలో కాపలా కాసేవి కూడా దాని చుట్టాలే. ఇదంతా గ్రంథాలయంలో నేర్చిన చదువు. ఏడో తరగతితోనే నా బడి మాన్పించారు.

మందమర్రి బొగ్గుగని కాలనీలో మాది రెండు గదుల క్వార్టరు. నేను పెద్దమనిషినైన ఆ శ్రావణంలో, ముసురుకు కిటికీలు మూసి, నన్ను లోపలి గది మూలన చాప మీద పదకొండు రోజులు కూర్చోబెట్టారు. నువ్వుల ముద్దలు, ఎండుకొబ్బరి కుడుకలు, ఆరని గొంగళ్ల వాసన, గోడ అవతల ఎప్పుడూ చల్లారని బొగ్గు పొయ్యి సెగ. బడి ఇక లేదని బాపు చెప్పేశాక, నాకు మిగిలిన బయటిలోకమంతా ఆ గోడ గూట్లోని రేడియోనే. చెమ్మ తగలకుండా బాపు దాన్ని అక్కడ పెట్టాడు. మీట తిప్పగానే లోపలి గాజు వాల్వు భగ్గుమని మెరిసేది. నేను ఆ మూలన కూర్చున్నాక అప్పటికే రెండు మాడిపోయాయి.

"పిల్ల మైల తాకుతున్నది, గందుకే మాడుతున్నది" అంది అవ్వ, మా అమ్మ.

"ఇంకోపారి మాడితే బాయిల పారేస్త" అన్నాడు బాపు.

నా స్నేహితురాలు కిటికీ సందులోంచి జారవిడిచిన గ్రంథాలయం పుస్తకంలో సంగతి దొరికింది. రేడియోలో నల్లటి థర్మిస్టర్ పుల్ల ఒకటి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కరెంటును ఆపి, తాను కాగుతూ మెల్లమెల్లగా వదులుతుంది కనుక వాల్వుల్లోని సన్నని తీగలు తెగవు. మా గోడ సెగకు అది ముందే కాగి ఉండేది. కరెంటు ఒక్కసారిగా దూకేది.

"బాపూ, మైల గాదు, గోడ వేడి. చల్లటి కాడ పెట్టి చూడరాదే!"

"మూలకు కూసున్నదానికి గింత ఇల్మా, గింత తెలివా!" అని అవ్వ దెప్పింది. బాపు మాత్రం ఏమనుకున్నాడో, రేడియోను ముందు గదిలోకి మార్చాడు. మళ్లీ ఒక్క వాల్వూ మాడలేదు.

"చూసినవా? పిల్లకు దూరం పోంగనే మంచిగైంది" అంది అవ్వ. తలుపు దగ్గరికి వేసింది. పాటలు నాకు గొణుగుడులా వినిపించాయి.

ఆ క్వార్టర్లు కూలగొట్టారు. బొగ్గు పొయ్యిలు పోయాయి, వాల్వు రేడియోలు పోయాయి. అవ్వా పోయింది. పోయేదాకా, నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా, ముందు ఇంట్లో ఏ రేడియో ఉంటే దాన్ని నాకు ఎడంగా జరిపి, తరువాతే నాకు పీట వేసేది.