దవడలో చిన్న కిటికీ

మొన్న పన్ను పీకించుకోవడానికి వెళితే, అక్కడి డాక్టరు ఒక సీసా మూత తీశాడు. పసుపుపచ్చ అయోడోఫారం పొడి వాసన గుప్పుమంది. ఆ ఘాటు చాలామందికి గిట్టదు. నాకు మాత్రం మాచర్లలో ఖాదర్ డాక్టరుగారి రెండు గదుల ఆసుపత్రి కళ్ళముందు మెదిలింది. అవి రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నర్సు చదువు పూర్తిచేసి నేను మొదట చేరింది ఆయన దగ్గరే. కాస్త వంగి నడిచే పొడుగాటి మనిషి, మాట మెల్లన. నాకేమో ప్రతి పనీ గబగబా తెమిలిపోవాలి.

ఒకరోజు వెల్దుర్తి వైపునుంచి వీరమ్మ వచ్చింది. రాతి గనిలో బండలు మోసే మనిషి. సగం మొహం కొంగుతో కప్పుకుంది. కొంగు తీస్తే ఎడమ దవడ నిమ్మకాయంత ఉబ్బి ఉంది. అంతకుముందు చూసిన సర్జను ఎవరో ఎక్స్‌రే తీయించి, ఆ పక్క దవడ ఎముక తీసెయ్యాలన్నాడట.

"తీసేస్తే నా మొహం ఏమవుద్దయ్యా? నా పిల్లలు నన్ను చూసి జడుసుకోరా?" అంది.

డాక్టరుగారు ఆమె తెచ్చిన ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. సూదితో వాపులోంచి కొంచెం నీరు లాగారు. పలచటి తేనె రంగులో వచ్చింది.

"లోపల నీటితిత్తి ఉందమ్మా. అది పెరిగేకొద్దీ ఎముకను తినేస్తోంది. ఎముక జోలికి పోకుండా, నోటి లోపలినుంచి ఆ తిత్తికి చిన్న కిటికీ పెడితే నీరు బయటికి పోతుంది. తిత్తి ముడుచుకుపోతుంది, ఎముక దానంతటదే పూడుతుంది. నెలలు పడుతుంది." ఫిల్ము పక్కన పెట్టారు. "మా గురువుగారు చేస్తుంటే ఒకసారి చూశాను. నా చేత్తో ఎప్పుడూ చెయ్యలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. రోగితో ఎవరైనా అలా అంటారా? వీరమ్మ ఆయన కళ్ళలోకి చూసి, "తెలీంది తెలీదన్నావు. నువ్వే చెయ్యయ్యా" అంది.

మత్తుసూది ఇచ్చి, చిగురు పక్కన కోసి, తిత్తి అంచును చిగురుతో కలిపి కుట్టి, అయోడోఫారం అద్దిన గుడ్డపీలిక లోపల పెట్టారు. తీసిన చిన్న ముక్కను పరీక్షకు మద్రాసు పంపారు. అది చెడ్డ పుండు కాదని జవాబు వచ్చేదాకా ఆయనకు అన్నం సయించలేదు.

వీరమ్మ వారానికి రెండుసార్లు వచ్చి ఉప్పునీళ్ళతో కడిగించుకుని, పీలిక మార్పించుకోవాలి. ఒక నెల సరిగ్గానే వచ్చింది. తర్వాత మూడు వారాలు కనిపించలేదు. వచ్చేసరికి పీలిక ఊడిపోయి, కిటికీ పూడిపోయి, దవడ మళ్ళీ ఉబ్బి ఉంది.

"అన్నిసార్లు చెప్పానే! ఇంత నిర్లక్ష్యం ఏందమ్మా?" అని విరుచుకుపడ్డాను. వీరమ్మ తలవంచుకుంది. డాక్టరుగారు స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"ఇంత దూరం ఎట్లా వస్తున్నావమ్మా?"

"బండలేసుకొచ్చే బండి మీదయ్యా. గనిలో పని ఆగిపోయింది, బండి రాలా. ఒకనాడు నడిచే బయల్దేరా. సంకలో చంటోడు ఎండకు తాళలా. ఎనక్కొచ్చేశా."

ఆయన నావైపు తిరిగారు. "ఆమె తప్పేం లేదమ్మాయ్. ఈ మాట మనం మొదటిరోజే అడగాల్సింది." గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మళ్ళీ కిటికీ తెరిచారు. ఈసారి పీలికకు బదులు సన్నటి రబ్బరు గొట్టం ముక్కను అమర్చి కుట్టారు. ఇంటి దగ్గర ఆమే కడుక్కునేలా నేర్పమని నాకు అప్పగించారు. చేతికి పిచికారీ ఇచ్చి, ఎదురుగా అద్దం పెట్టాను. ఆమె చూపు పక్కకు తిప్పుకుంది.

"ఏడాదైంది అద్దం చూసుకోక" అంది. ఆమె చెయ్యి పట్టుకుని, నేనూ ఆ అద్దంలోకే చూస్తూ నేర్పాను. ఆ పూట నాకు తొందర పుట్టలేదు.

ఎనిమిది నెలల తర్వాత గుంటూరు రైలెక్కి కొత్త ఫిల్ము తీయించుకొచ్చింది. "ఇదుగో, నల్లగా ఉన్నచోట తెల్లబడింది చూడు. అదంతా నీ ఎముకే" అని డాక్టరుగారు చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. వీరమ్మ కొంగుముడి విప్పి జొన్నరొట్టె ముక్క తీసింది. మా ఎదుటే ఎడమ పక్కన పెట్టుకుని నమిలింది.

ఆ తర్వాత చాలా ఆసుపత్రుల్లో పనిచేశాను. ఆలస్యంగా వచ్చిన ఏ రోగినీ గదమాయించలేదు. గదమాయించబోయి నోరు మూసుకున్న రోజులు మాత్రం చాలా ఉన్నాయి.