ప్రసన్న అక్క రాసింది, వాళ్లు అమ్ముకున్నది

నిన్న పొద్దున షాపు షటర్ ఎత్తుతుంటే శామ్యూల్ ఫోన్ చేశాడు.

"అన్నా, అక్క పోయింది."

ఏ అక్క అని అడిగాను. ప్రసన్న అక్క తమ్ముడు ఫోన్ చేస్తే ఇంకే అక్క ఉంటుంది? అయినా అడిగాను.

మొన్ననే మాట్లాడాం. కాళ్లు లాగుతున్నాయంది కానీ గొంతు మామూలుగానే ఉంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను.

ప్రసన్న అక్క మా గోదావరిఖనిలో ఒక ప్రైవేట్ స్కూల్లో కంప్యూటర్ టీచర్. వాళ్ల నాన్న బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి, చర్చిలో బాగా పాడేవాడు. ఆయన పోయాక ఆ పాటల రికార్డింగులు ఒక ఫ్రీ ఆన్‌లైన్ అకౌంట్‌లో ఉండేవి.

ఒకరోజు ఆ అకౌంట్ లాక్ అయింది. ఎన్ని మెయిల్స్ పెట్టినా మనిషన్నవాడు జవాబివ్వలేదు.

నాన్న గొంతు అట్లా పోయింది.

ఆ తర్వాతే నా రిపేర్ షాపుకొచ్చి, పాత కంప్యూటర్ ఏదైనా ఉందా అని అడిగింది.

"మనయి మన ఇంట్లనే ఉండాలె తమ్మీ. ఒకల దయ మీద ఎందుకు?"

నేనిచ్చిన పాత డబ్బానే సర్వర్ చేసింది. ఫోటోలు, వీడియోలు, రికార్డింగులు ఎవరింట్లో వాళ్లే దాచుకునే సాఫ్ట్‌వేర్ తనే రాసింది. మెనూలన్నీ తెలుగులో. ఓపెన్ సోర్స్‌గా నెట్‌లో పెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. షరతు ఒక్కటే, రాసినవాళ్ల పేరు తీసేయకూడదు.

మా కాలనీలో చాలా ఇళ్లలో అదే నడుస్తోంది. బెల్లంపల్లి దాకా వెళ్లి నేనే ఇన్‌స్టాల్ చేసొచ్చాను.

అక్కకు ఇంకో పిచ్చి కాఫీ. అరకు నుంచి పచ్చి గింజలు తెప్పించి ఇనుప మూకుడులో వేయించేది. క్వార్టర్ల లైనంతా వాసన. పక్కింటి అవ్వ గోడ మీంచి తొంగిచూసి, "మల్లేం మాడబెట్టినవ్ బిడ్డా?" అనేది.

కిడ్నీలు పాడయ్యాక డాక్టర్ నీళ్లు కూడా కొలిచి తాగమన్నాడు. ఆ కొంచెంలోంచే ఇంత మిగుల్చుకునేది. గింజలు చేతిమరలో వేసి తిప్పి, ఫిల్టర్ పేపర్ మీద మెల్లగా వేడినీళ్లు పోసి, చిన్న గ్లాసుడు కాఫీ చేసుకునేది.

"గన్ని నీళ్లతోని దూప కాదా అక్కా?" అన్నాను ఒకసారి.

"అయితది. కానీ తాగేదే గింత. గదన్న మంచిది తాగుత."

ఇక అసలు సంగతి. రాయకూడదనుకున్నాను, ఉండబట్టలేదు.

హైదరాబాద్‌లో ఒక స్టార్టప్ అక్క సాఫ్ట్‌వేర్ తీసుకుంది. రంగులు మార్చింది, అక్క పేరు తీసేసింది, తమదని అమ్ముకుంది. మా టీమ్ కష్టం అని స్టేజీ ఎక్కి చెప్పుకున్నారు కూడా.

అక్క వాళ్లకు మెయిల్ పెట్టింది. రూపాయి అడగలేదు. పేరు తిరిగి పెట్టమంది, అంతే.

"చూస్తాం మేడమ్" అన్నారు. చూడలేదు.

ఏదైనా పాడైతే మాత్రం అక్కనే అడిగేవాళ్లు.

పోయిన నెల డయాలసిస్‌కి కరీంనగర్ తీసుకెళ్లాను. ఎడమ చేతికి సూదులు. కుడి చేత్తో లాప్‌టాప్‌లో టైప్ చేస్తోంది. ఆ స్టార్టప్ వాళ్ల మెసేజ్ చూశాను. ఇంత సీరియస్ బగ్ ఇంకా ఎందుకు ఫిక్స్ చేయలేదు, కస్టమర్లు వెయిట్ చేస్తున్నారు అని.

నాకు ఒళ్లు మండింది.

"గా దొంగల కోసం ఎందుకు చేస్తున్నవ్ అక్కా? జరసేపు పండుకో."

"వాళ్ల కోసం కాదు తమ్మీ. గీ బగ్‌తోని ఫోటోలు చెరిగిపోతున్నయ్. ఎవలింట్లనో అమ్మది ఒక్కటే ఫోటో ఉంటది."

మిషన్ ఆపేలోపు ఫిక్స్ పంపింది. థ్యాంక్స్ అని ఒక్క ముక్క రాలేదు.

నిన్న మధ్యాహ్నం వాళ్ల పేజీలో అక్క ఫోటో, దీపం బొమ్మ, "మా కమ్యూనిటీకి తీరని లోటు" అని.

ఇప్పుడైనా ఆమె పేరు పెట్టండి అని కింద కామెంట్ రాశాను. సాయంత్రానికి కామెంట్ లేదు. నన్ను బ్లాక్ చేశారు.

మనమూ తక్కువేం కాదు. నిన్నటి నుంచి కాలనీ గ్రూపు నిండా RIPలే. దవాఖానకు పోవడానికి ఎవరైనా కారు ఇస్తారా అని అక్క ఇదే గ్రూపులో అడిగింది. అందరూ చదివారు. ఎవరూ పలకలేదు.

ఈ పొద్దున అక్క ఇంటికెళ్తే శామ్యూల్ అక్క లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. ఆ స్టార్టప్ వాళ్ల దగ్గర్నుంచి ఇంకో కంప్లయింట్. నివాళి పెట్టాక పంపిందే. అర్జెంట్ అని రాశారు.

"ఏమని రాయాలె అన్నా?" అన్నాడు.

"ఏం రాయకు" అని మూత వేసేశాను.

సాయంత్రం చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధుల తోటకు తీసుకెళ్తున్నాం. రాగలిగినవాళ్లు రండి.

పోయిరా అక్కా. ఇగ ఎవలకు జవాబు చెప్పే పనిలేదు. నిమ్మళంగ పండుకో.