పగులు లేని విల్లు

మొన్న ఆదివారం మా మనవరాలిని విలువిద్య క్లాసులో చేర్చడానికి జల్‌పల్లి అవతల ఒక మైదానానికి వెళ్లాను. చక్రాలూ, గురి చూసే అద్దాలూ ఉన్న విల్లులు పాతబడ్డాయట. ఇప్పుడు అందరికీ పాతకాలపు కర్ర విల్లుల మీద మోజు. నేర్పే అమ్మాయి ఒక నిలువెత్తు విల్లు పిల్ల చేతికిస్తూ, "తాడు లాగి, బాణం లేకుండా మాత్రం ఎప్పుడూ వదలొద్దు. బాణంతో పోవాల్సిన బలమంతా విల్లుకే తగులుతుంది, విరుగుతుంది" అని చెప్పింది. పిల్లలందరూ బుద్ధిగా తలలూపారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నేను మాత్రం తల దించుకున్నాను. ఆ ఒక్క ముక్క తెలియక మా ఇంట్లో జరిగినదానికి నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

డెబ్భైల మొదట్లో నేను శాలిబండకు కోడలిగా వచ్చాను. మామగారిది గుడి సేవ. పొద్దున పూజ, సాయంత్రం పురాణం. ఆయన గొంతు విప్పితే సందు చివర బీడీలు కాల్చేవాళ్లు కూడా ఆర్పేసి వచ్చి కూర్చునేవారు. మా ఆయనది సర్కారు ఫ్యాక్టరీలో నౌకరీ. మనిషి మంచివాడే, కాని ఆయనతో పాటు ఇంకొకటి కూడా మా సంసారంలో ఉందని పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. అది ఆయనకంటే జానెడు ఎత్తున్న వెదురు విల్లు. సెలవు రోజు దాన్ని పట్టుకుని బస్సెక్కేవాడు. కండక్టరు, "దీనిక్కూడ టికెట్ తీస్కో అన్నా" అనేవాడు. వెనకనుంచి ఇంకెవడో, "రామచంద్రా, సీతమ్మను యాడ విడిచినవ్?" అనేవాడు. ఆ సీతమ్మ ఆడవాళ్ల సీట్లో కూర్చుని, ఈ మనిషెవరో తనకు తెలియనట్టు కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండేది. కొత్త పెళ్లికూతురికి సిగ్గు అందమంటారు. నాది ఆ రకం సిగ్గు కాదు.

అంత మోజు దేనికని ఒకసారి అడిగితే, విల్లు నా చేతికిచ్చాడు. తాడు విప్పి ఉంటే అది వట్టి కర్ర, గోడకు ఆనించి మరిచిపోవచ్చు. తాడు ఎక్కించి లాగితే మాత్రం అరచేతిలో ఏదో ప్రాణి ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. ఆదిలాబాదు అడవుల నుంచి వచ్చిన తోటి పనివాడు ఒకతను ఆయనకు ఆ పని నేర్పాడట. లోపల డొల్ల లేని గట్టి వెదురును ఏడాది పైన వంటింటి అటక మీద పొగకు ఆరబెట్టి, పగిలిన గాజుపెంకుతో కొద్దికొద్దిగా చెక్కి, నువ్వులనూనె పట్టించి చేసుకున్నాడు. అటకంతా ఆయన బాణాలు, గాజుపెంకులు, నూనె డబ్బాలే; నా ఊరగాయ జాడీలకు చోటుండేది కాదు. ఫ్యాక్టరీ వాళ్లు విదేశీ ఫైబర్‌గ్లాస్ విల్లు తెప్పిస్తే రెండుసార్లు పట్టి వదిలేశాడు. "బాణం అదే వేస్తది. నేను పక్కన నిలబడుడే" అన్నాడు.

మామగారికి ఇదంతా గిట్టేది కాదు. "గుడి సేవ చేసే ఇంట్ల ఈ వేట సామాను ఏందిరా? నువ్వు అది పట్టుకొని సందులకెల్లి పోతుంటే నాకు తల కొట్టేసినట్టయితది" అనేవారు.  మా ఆయన విల్లుకు పాత ధోవతి చుట్టి పెరటి తలుపు నుంచి వెళ్లేవాడు. నాకు తెలిసి ఆయనకు కావలసింది పతకం కాదు. తండ్రి ఒక్కసారి ఆ విల్లును మంచి చూపు చూస్తే చాలు.

ఆ చూపు ఒక దసరాకు దొరికింది. ఫ్యాక్టరీ పోటీల్లో మా ఆయన మొదట వచ్చాడు. పండుగ తర్వాతి ఆదివారం రాష్ట్ర జట్టుకు ఎంపిక. తన కర్ర విల్లుతోనే వేస్తానంటే ఎంపిక చేసేవాళ్లు ఒప్పుకున్నారు. సంగతి బస్తీలో పొక్కింది. పురాణానికి వచ్చినవాళ్లు, "అయ్యగారూ, మీ పిలగాడు అర్జునుడు గద" అనడం మొదలుపెట్టేసరికి మామగారికి ఎక్కడ లేని హుషారు వచ్చింది. దసరా పొద్దున ఆయనే పిలిచి, "దాన్ని గూడ పూజల పెట్టురా" అన్నారు. మా ఆయన మొహం చూడాలి. కత్తిపీట, సైకిలు, పప్పుగుత్తి పక్కన విల్లుకూ బొట్టు పెట్టాం. ఆ పొద్దున దానికి ఈ కొస నుంచి ఆ కొసకు నూనె రాసింది నేనే. ఎక్కడా గీత కూడా లేదు.

సాయంత్రం మామగారి చేతిలో జమ్మి ఆకు పెట్టి దండం పెట్టుకోవడానికి బస్తీ అంతా వచ్చింది. అందరూ చూస్తారని మా ఆయన తాడు ఎక్కించి ఉంచి, కుర్చీలు తేవడానికి లోపలికి వెళ్లాడు. ఇంతలో ఎవరో పెద్దాయన, "అయ్యగారూ, పురాణంల ధనుష్టంకారం అంటరు గద, అదెట్లుంటది?" అన్నారు. ఎన్ని సాయంత్రాలు వర్ణించి ఉంటారో ఆ టంకారాన్ని! దిక్కులు పిక్కటిల్లాయని, శత్రువుల గుండెలు జారాయని. మామగారు ఉత్తరీయం నడుముకు బిగించి విల్లు అందుకున్నారు. నూతి నుంచి బిందెలకు బిందెలు తోడిన చేతులు అవి. పురాణంలో చెప్పినట్టే, బాణం లేకుండా, చెవి దాకా లాగారు. "బాపూ, ఆగు!" అంటూ మా ఆయన కుర్చీలు వదిలేసి ఉరికొచ్చాడు. అప్పటికే మామగారు వేళ్లు తెరిచారు. దిక్కులేం పిక్కటిల్లలేదు. కట్టెలు విరిచిన చప్పుడు వచ్చిందంతే. విల్లు రెండు ముక్కలైంది. ఒక పేడు మామగారి నొసటిని గీరుకుంటూ పోయింది.

 మామగారు చేతిలో మిగిలిన ముక్కను చూస్తూ నిలబడ్డారు.  అప్పుడు మా ఆయన అన్నాడు, "దాంట్ల ముందే పగులుండె బాపూ. నేనే చూస్కోలే."

ఇక చూడండి. అందరూ ఆయన మీద పడ్డారు. "పెద్దమనిషి చేతికి పగిలింది ఇస్తరా?" అని ఒకరు, "కన్ను పోతే ఎట్లుండె?" అని ఇంకొకరు. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు. మామగారు మాట్లాడతారని చూశాను. ఆయన నొసటి నెత్తురు తుడుచుకుని, "అవు. పగులున్నట్టే ఉండె" అన్నారు. రోజూ సత్యం గురించి చెప్పి మమ్మల్నందరినీ కంటతడి పెట్టించిన గొంతే అది. పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని గడపలో నిలబడ్డ నాకు, చూడకూడనిదేదో చూసినట్టు ఒళ్లంతా సిగ్గుతో చచ్చిపోయింది. మామగారి కళ్లు ఒక్కసారి నా వైపు తిరిగాయి. నూనె రాసింది నేనని ఆయనకు తెలుసు.

ఆదివారం మా ఆయన మైదానానికి వెళ్లాడు గాని పోటీ చెయ్యలేదు. ఇతరుల బాణాలు పీకి తెచ్చి ఇచ్చి, సాయంత్రానికి ఇంటికొచ్చాడు. మళ్లీ ఆ పిలుపు రాలేదు.

కొన్నాళ్లకు మిట్టమధ్యాహ్నం సందులో లొల్లి వినిపించి తలుపు తీశాను. మామగారు చెమటలు కక్కుతూ, ఒక పొడవాటి పచ్చి వెదురు బొంగును భుజాన మోసుకొస్తున్నారు. కొడుకు విల్లు పట్టుకుని నడిస్తే తల కొట్టేసినట్టయ్యే మనిషి, ఆ సందులోనే, అందరూ చూస్తుండగా. వెనక పిల్లల గుంపు. దాన్ని పెరట్లో దించి కాళ్లు కడుక్కున్నారు. అది పందిళ్లకు వాడే బొంగు. లోపలంతా డొల్ల. దానితో విల్లు ఏ జన్మకూ కాదు. పని నుంచి వచ్చిన మా ఆయన దాన్ని వేళ్లతో తట్టి చూసి, "మంచి వెదురు బాపూ" అన్నాడు. అది రెండో అబద్ధం.

దాని మీద బట్టలారేసుకున్నాం. ప్రతి దసరాకూ మామగారు దాని దగ్గరికెళ్లి, "ఎండిందారా?" అని అడిగేవారు. "ఇంకా ఎండాలె బాపూ" అనేవాడు ఈయన. నా చీరల బరువుకు అది నడుము వంచేసినా ఎండాల్సింది ఇంకా మిగిలే ఉండేది. బస్తీలో మాత్రం "పగిలిన విల్లు పంతులు కొడుకు" అనే పేరు మా ఆయనకు స్థిరపడింది. ఉప్పుగూడ స్టేషన్లో ఒకతను నా ముందే ఆ కథ నవ్వుతూ చెప్పాడు. మా ఆయన కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఎనభైల చివర మామగారు మంచం పట్టారు. ఒక మధ్యాహ్నం మా ఆయన ఆయనకు జావ తాగిస్తుంటే, చెంచా పక్కకు నెట్టి కొడుకు మణికట్టు పట్టుకున్నారు. "పగులు లేకుండె గదరా దాంట్ల" అన్నారు. కళ్లలో నీళ్లు.

"ఉండె బాపూ" అన్నాడు మా ఆయన.

"లేకుండెరా."

"ఉండె. నేను చూసిన."

పెద్దాయన నా వైపు చూశారు, నేనైనా చెబుతానేమోనని. నేను గిన్నె తీసుకుని లోపలికి నడిచాను. కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు. మా ఇంట్లో మాత్రం ఆ ఒక్క నిజాన్ని అన్నేళ్లూ దాచి ఉంచి, తండ్రికి అది చెప్పే ధైర్యం వచ్చేనాటికి, కొడుక్కి వినాలన్న కోరిక లేకుండా చేసింది.