పరుగెత్తించిన ఏడుపుపాట

"జానపదం మీకు ఎక్కడ దొరికింది?" అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. దొరకలేదు, దొంగిలించాను అని చెప్పాలి. చెప్పను. వేణువు పట్టుకుని ఫొటోకి నవ్వుతాను. ఆ నవ్వు చూస్తే నాకే కంపరం.

తమిళనాట కోవిల్‌పట్టి చుట్టుపక్కల మా తెలుగు ఇళ్లలో ఎవరు పోయినా మా పెద్దమ్మకు కబురు వచ్చేది. అటు కళుగుమలై దాకా ఏ ఊళ్లోనైనా ఆమె రానిదే శవాన్ని ఎత్తేవారు కాదు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చట్రాల్లో పుల్లలు పేర్చే మనిషి చావింట్లో కూర్చుని ఏడుపుపాట ఎత్తుకుంటే, మగవాళ్లు వీధిలోకి పోయి ముఖాలు తుడుచుకునేవారు. ఆ పాటకి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. చావు లేనిచోట దాన్ని పాడకూడదు. ఆడవాళ్లు ఎత్తుకున్నాక మగవాడు నోరు విప్పకూడదు.

తొంభైల మొదట్లో నేను ఊరూరా కచేరీల్లో వేణువు వాయించేవాణ్ణి. ఎవరికీ నా పేరు గుర్తుండేది కాదు. పాట నేర్పమని పెద్దమ్మ ప్రాణం తీశాను. చివరికి నన్ను ఊరి బయట పత్తిచేలోకి తీసుకుపోయి, ఇళ్లకేసి వీపు పెట్టి కూర్చుంది. ఏ మాట దగ్గర ఊపిరి ఎంతసేపు పట్టాలో నా భుజం నొక్కి చూపించింది.

"సావు లేనిచోట ఊదనని నా మీద ఒట్టెయ్యరా," అంది.

వేశాను.

విరుదునగరంలో ఒక నూనె వ్యాపారి కొత్త మిల్లు తెరుస్తూ, మన మట్టి సంగీతం కావాలన్నాడు. మట్టి అంటూనే తెల్ల పంచె మీది దుమ్ము దులుపుకున్నాడు. నేను ఆయనకి ఏడుపుపాటనే ఇచ్చాను. ఊపిరి పట్టే చోట్లన్నీ కోసేసి, వేగం రెట్టింపు చేసి, డోళ్లు, చప్పట్లు పెట్టాను. ఇరవై మంది వాద్యగాళ్ల ముందు నిలబడి కర్ర ఊపాను. జనం ఊగిపోయారు. ఆ రోజు నుంచి నేను సంగీత దర్శకుణ్ణి.

ఆ కచేరీకి పెద్దమ్మని నేనే తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాను, అంత తెలివి నాది. వేణువు అందుకుని జనం వైపు తిరిగేసరికి ఆమె తన పక్కావిడ చెయ్యి పట్టుకుని ఏదో అడుగుతోంది. తర్వాత లేచి వెళ్లిపోయింది. కచేరీ అయ్యాక బస్టాండులో కనిపించింది.

"ఎవరు సచ్చిపోయినారమ్మా అని అడిగినాన్రా," అంది. "ఆమె నగింది."

"ఇది వేరే పాట పెద్దమ్మా, నేను కట్టింది," అన్నాను.

"సరేరా," అని బస్సెక్కింది. తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పటికీ మరిగిన వేరుశనగ నూనె వాసన తగిలితే ఆ వీధి వదిలి వేరే దారిన పోతాను.

క్యాసెట్ వచ్చింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలవాళ్లకి అది తెగ నచ్చింది. ఆ పాట పెడితే ఆడవాళ్ల చేతులు చురుగ్గా ఆడుతున్నాయట. పెద్దమ్మ పనిచేసే చోట కూడా రోజంతా అదే. అక్కడి మేస్త్రీ నాతో చెయ్యి కలిపి మెచ్చుకున్నాడు. నేను థ్యాంక్స్ చెప్పాను, ఛీ.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి పెద్దమ్మ పోయింది. ఆమెతో పనిచేసిన ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుని పాట ఎత్తుకున్నారు. మొదటి మాట నెమ్మదిగానే వచ్చింది. రెండో మాట దగ్గర ఊపిరి పట్టాల్సిన చోట ఒక్కరూ పట్టలేదు. ఏళ్ల తరబడి చెవుల్లో పడింది నా పాటే. గొంతులు నా వేగంలోకి జారిపోయాయి, ఒళ్లో వేళ్లు పుల్లలు పేరుస్తున్నట్టు ఆడాయి. ఎవరి కంటా నీళ్లు రాలేదు. ఎందుకు రావడం లేదో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆగండి, ఇక్కడ ఊపిరి పట్టాలి అని అరవబోయాను. ఆ చోట్లు తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే. కానీ ఆడవాళ్లు ఎత్తుకున్నాక మగవాడు నోరు విప్పకూడదు. ఆ కట్టుబాటు మాత్రం పాటించాను.