తాళాల మామయ్య ముక్కలు తిప్పిన తీరు

మా మామయ్య తాళాలు బాగుచేస్తాడు. పనిలో ఆయనంత చురుకైనవాడు మా వీధిలో లేడు. తాళంచెవి పారేసుకుని ఏడుపు మొహంతో వచ్చినవాడు సంగతంతా చెప్పేలోపే తలుపు తెరిచేస్తాడు. అదే మనిషి చేతిలో పేకముక్కలు పడ్డాయంటే నత్తకు తమ్ముడు.

మార్కెట్‌కి సెలవైన రోజు మధ్యాహ్నం టైలరక్క కొట్టు వెనక గదిలో పోకర్ ఆడతాం. బట్ట కత్తిరించే బల్లే మా పేకాట బల్ల. పందెం చొక్కా గుండీలతో. గుండీలే కదా అని ఎవడైనా పద్ధతి తప్పితే అక్క ఊరుకోదు. చివర పందెం పెంచినవాడే ముందు ముక్కలు చూపాలి. చేతిలో ఉన్న రెండు ముక్కలూ కలిపి చూపాలి. చూపకుండా, పడేసిన ముక్కల కుప్పలో కలిసిన ముక్క ఇక ఎవరిదీ కాదు. అన్నిటికంటే ముఖ్యం, గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని ఎదుటివాణ్ని ఊరించకూడదు.

మామయ్య తప్పేది సరిగ్గా అక్కడే.

ఓసారి గడియారాలు బాగుచేసే బాబాయ్ గెలిచాననుకుని గుండీలు రెండు చేతులా లాక్కుంటున్నాడు. మామయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. మంచినీళ్లు తాగాడు. "ఏం చేస్తాం బావా, అందరికీ కలిసిరావద్దూ" అని నిట్టూర్చాడు. ఒక ముక్క తిప్పాడు. కాసేపు గోడకేసి చూశాడు. అప్పుడు రెండోది తిప్పాడు. గెలిచింది ఆయనే! బాబాయ్ టీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

"నువ్వూ లే," అంది అక్క మామయ్యతో. "గెలిచినోడివి గెలిచినట్టు చూపించి ఏడవచ్చుగా?"

"సరదాకే అక్కా!"

"ఆ సరదా ఇంట్లో చూసుకో. ఇక్కడ నీకు కుర్చీ లేదు."

ఇంట్లోనే చూసుకున్నాడు. సెలవు రోజు తోచక బీరువా తాళం, పెట్టెల తాళాలు, చివరికి స్నానాలగది గడియ కూడా ఊడదీశాడు. లోపల తనున్నట్టు తెలియడానికి అత్తయ్య పాటలు పాడాల్సి వచ్చింది. ఆ గొంతు భరించలేక ముందు పక్కింటివాళ్లే వచ్చి అక్కని బతిమాలారు. తర్వాత అత్తయ్య వచ్చింది.

"వదినా, ఆయన్నైనా ఆటలోకి తీసుకోండి, నన్నైనా మీ ఇంట్లో ఉంచుకోండి."

మామయ్య పైకి నవ్వుతూనే ఉండేవాడు గానీ, మా నవ్వులు వినబడితే కొట్టు ముందు ఆగి, లేని పని ఏదో గుర్తుచేసుకునేవాడు. అక్క చూసింది. లోపలికి పిలిచింది.

"ఒక్క ఆట. నాటకం వేశావంటే మళ్లీ ఈ గడప తొక్కకు."

బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా పరిచిన ముక్కల్లో రెండు రాణులు, ఒక పది ఉన్నాయి. నేను, అక్క మా ముక్కలు కుప్పలో పడేశాం. మామయ్య పందెం పెంచాడు. బాబాయ్ సరేనని గుండీలన్నీ ముందుకు తోశాడు. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. మంచి ముక్కలొచ్చాయని బల్ల కాళ్లకి కూడా తెలిసిపోయింది. ఆయన చెయ్యి కళ్లజోడు వైపు లేచింది. అక్క గొంతు సవరించుకుంది.

"పెంచింది నువ్వు. ముందు చూపాల్సిందీ నువ్వే."

చెయ్యి ఠక్కున దిగింది. రెండు ముక్కలూ ఒక్క ఉదుటున తిప్పి కొట్టాడు. ఆ కంగారులో ఒకటి వెల్లకిలా పడింది, పది. రెండోది వేళ్లలోంచి జారి, బోర్లా దూసుకుపోయి కుప్పలో దూరింది.

"రాణి! అది రాణే అక్కా! మూడు రాణులు, రెండు పదులు!"

"అయ్యుండొచ్చు. మాకు కనబడింది పది ఒక్కటే."

బాబాయ్ తన ముక్కలు తిప్పాడు. రెండు ఆసులు. రాణి కనబడి ఉంటే చిత్తయ్యేవాడే. ఆయన మామయ్య మొహం చూసి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

"రాణే అక్కా, ఆ మొహం అబద్ధం చెప్పదు. గుండీలు ఇచ్చేస్తా."

"నీ మంచితనం నీ షాపులో చూపించు. ఇక్కడ కనబడిన ముక్కే ముక్క."

మామయ్య కుప్పకేసి చూశాడు. చెయ్యి చాస్తే అందుతుంది. చాచాడు గానీ, గుండీల మీదికి. అన్నిటినీ బాబాయ్ వైపు తోసేశాడు.

"తీసుకో బావా. మరి నా కుర్చీ?"

"ఊరించావా?" అడిగింది అక్క.

"ఊరించే టైమెక్కడ ఇచ్చావు తల్లీ!"

"అయితే కూర్చో. ముక్కలు కలుపు."

మామయ్య కూర్చుని కుప్పని దగ్గరికి లాక్కున్నాడు. కలుపుతుంటే కుప్పలో దూరిన ఇస్పేటు రాణి పైకొచ్చింది. అందరం చూశాం. ఆయన నోరు తెరిచాడు. అక్క వైపు చూశాడు. రాణిని మిగతావాటి మధ్యకి తోసేసి, పేక బాబాయ్ ముందు పెట్టాడు.

"కట్ చెయ్ బావా. ఎంతసేపు?"