మూడో కొటేషన్

చెరువులు బాగుచేయించే మా స్వచ్ఛంద సంస్థ ఆఫీసు రాంగోపాల్‌పేట్‌లో. అందులో నేను గుమస్తాని, టైపిస్టు జ్ఞానమణిగారు. ఏలూరు నుంచి వచ్చిన మిషన్ స్కూలు టీచరుగారమ్మాయి. పదహారేళ్ళలో ఒక్క తప్పు కొట్టలేదని ఆవిడ గర్వం. ఇచ్చిన కాగితం కొట్టడమే తప్ప అందులో ఏముందో పట్టించుకోరు. ఆ పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది.

తొంభై ఆరులో యాప్రాల్ దగ్గర ఒక చెరువు కట్టకు ప్రభుత్వ పర్యావరణ గ్రాంటు అడిగాం. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర సీలు వేసిన కొటేషన్లు తీసుకోవాలి, తక్కువకు చేస్తానన్నవాడికే పని ఇవ్వాలి. అదీ నిబంధన. కాంట్రాక్టరు రామభద్రరావు మూడు లెటర్‌హెడ్లూ, వాటిమీద కొట్టాల్సిన కొటేషన్లూ తానే తెచ్చి జ్ఞానమణిగారి బల్ల మీద పెట్టాడు. ఒకటి తనది, ఒకటి బావమరిదిది. మూడోది, అన్నిటికన్నా తక్కువ ధరది, తన దగ్గర పనిచేసే తాపీమేస్త్రీ ధర్మరాజు పేరున. మా సెక్రటరీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ రోజు మాత్రం ఆవిడ చదివారు. కొడుతూ కొడుతూ ఆగారు.

"కట్ట తెగితే పూచీ అంతా ఈ మేస్త్రీదేనటండీ," అన్నారు మెల్లగా.

పని చేయించేదీ, బిల్లు తీసుకునేదీ రామభద్రరావే. ఇరుక్కునేది ధర్మరాజు. నాకూ అర్థమైంది. "మనకెందుకండీ," అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సాయంత్రం ధర్మరాజు సంతకానికి వచ్చాడు. అతనికి ఇంగ్లీషు రాదు.

"గిందుల ఏమున్నదమ్మా? జెర చదివి చెప్పున్రి."

రామభద్రరావు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆవిడది సెక్రటరీ ఏటేటా పొడిగించే ఉద్యోగం.

"నీ పేరే ఉంది మేస్త్రీ," అన్నారావిడ. "పని నీ పేరు మీదే."

ధర్మరాజు మురిసిపోయాడు. తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, దాని కింద సంతకం పెట్టాడు.

గ్రాంటు వచ్చింది. కట్టకు వేయాల్సిన రాయిలో సగం ఇంకెక్కడికో పోయింది. మేస్త్రీ అడిగితే, చెప్పిన పని చేయమన్నాడట రామభద్రరావు. ఆ వానాకాలం మబ్బు పడితే చాలు, జ్ఞానమణిగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవారు. కాగితాల్లో తప్పులు దొర్లడం మొదలైంది. ఏ తప్పునూ దిద్దేవారు కాదు.

ఆగస్టులో నాలుగు రోజుల ముసురు తర్వాత కట్ట తెగింది. దిగువ గుడిసెల్లో ఇద్దరు పోయారు.

తర్వాతి వారం ధర్మరాజు మళ్ళీ వచ్చాడు. చేతిలో పోలీసు నోటీసు, దాని వెనక పిన్ను చేసిన ఆ మూడో కొటేషన్ నకలు. నన్ను దాటుకుని ఆవిడ బల్ల దగ్గరికే వెళ్ళాడు.

"గప్పుడు సుత మీరే గద చెప్పింది. గిదేందో చదువున్రి అమ్మా."

ఆవిడ కాగితాలు అందుకున్నారు. నోటీసూ, కొటేషనూ, మొదటి మాట నుంచి చివరి సంతకం దాకా ఏదీ వదలకుండా చదివి తెలుగులో చెప్పారు. ధర్మరాజు చివరిదాకా నిలబడే విన్నాడు.

"గప్పుడు గింత చదవలేదు గదమ్మా," అన్నాడు.